గుంట గట్టున కంగారమ్మ

మా అక్కకి భయం. దేనికి అని అడిగితే చెప్పడం కష్టం. దేనికి కాదో అడగండి, ఒక్క ముక్కలో తేల్చేస్తాను. బల్లంటే భయం, లిఫ్టంటే భయం, కుక్కర్ కూతంటే భయం, ఆ కూత ఎంతకీ రాకపోతే మరీ భయం. ఫోన్లో తెలియని నంబరు మోగితే ఎవరోనని, తెలిసిన నంబరు వేళకాని వేళ మోగితే ఏమైందోనని భయం. చిన్నప్పుడు మా ఇంట్లో గ్లాసు కింద పడిందంటే మూడు చప్పుళ్ళు వినిపించేవి: ముందు గ్లాసుది, తర్వాత అక్క కేకది, ఆ కేకకి ఉలిక్కిపడి అమ్మ వదిలేసిన పళ్ళెంది ఆఖరున. ఒకసారి సందు మలుపులో తన నీడ తనకంటే ముందు తిరిగిందని వెనక్కి పరిగెత్తి పోస్ట్‌మాన్‌ని గుద్దేసిందనీ, ఆ ఊపుకి ఆయన సంచిలోని ఉత్తరాలన్నీ గాల్లోకి లేచి ఎవరి గుమ్మంలో వాళ్ళవి సరిగ్గా పడ్డాయనీ నేను చెబుతుంటాను. అందులో ఆవగింజంత అతిశయోక్తి ఉంది. పోస్ట్‌మాన్‌ని గుద్దడం మాత్రం నిజం.

ఆమెకి కంగారమ్మ అని పేరు పెట్టింది నేనే. ఆ పేరు ఎంత గట్టిగా అతుక్కుందంటే, పెళ్ళిలో అసలు పేరు విన్నాక సగం మంది చుట్టాలకి వేరే పెళ్ళికి వచ్చామేమోనని అనుమానం వచ్చింది.

అలాంటి కంగారమ్మ ఇప్పుడు అంబులెన్సులో పారామెడిక్. రోడ్డు మీద రక్తం కారుతున్నవాళ్ళ దగ్గరికీ, ఊపిరాడక తన్నుకుంటున్న ముసలివాళ్ళ దగ్గరికీ అందరికంటే ముందు చేరాల్సిన మనిషి. ఈ వింత ఎలా జరిగిందంటే, నా వల్ల జరిగింది.

ఆ కోర్సులో మొదట చేరింది నేను. పాఠం చెప్పేది సైన్యంలో నర్సుగా చేసి రిటైరైన పెద్దావిడ. అందరూ సిస్టరమ్మ అనేవారు. మొదటి రోజే ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూస్తూ అడిగింది, "పారామెడిక్ అవుదామని వచ్చారు కదా. ఆ మాటకి అర్థమేంటో చెప్పండి చూద్దాం."

 నేను లేచాను. "పారాచూట్ మెడిక్ మేడమ్! విమానంలోంచి దూకి వైద్యం చేసేవాడు."

నాకేమీ తెలిసి చెప్పలేదు. తెలియని చోట గొంతు పెంచి చెప్పడం మా ఇంట్లో మగవాళ్ళ విద్య. క్లాసంతా ఘొల్లుమంది. సిస్టరమ్మ ఒక్కతే నవ్వలేదు.

"నవ్వకండి. వీడు గుడ్డిగా విసిరినా రాయి ఎక్కడో తగిలింది. ఒకప్పుడు పారాచూట్ కట్టుకుని దూకే సైన్యపు వైద్య సహాయకుల్ని నిజంగానే అలా పిలిచారు. కానీ అంబులెన్సులో మనం పెట్టుకున్న పేరు వేరే దారిన వచ్చిందంటారు. గ్రీకులో పారా అంటే పక్కన, వెంబడి. వైద్యానికి పక్కన నిలబడి పనిచేసేవాళ్ళు అని. అర్థమైందా? కూర్చో."

నేను మొదటి సగం విని కూర్చున్నాను. నాకు కావలసిన సగం అదే.

ఆ తర్వాత ఆ కోర్సు నన్ను భరించలేకపోయింది. రక్తం తీసే పాఠం రోజు సూదిలోకి ఎర్రగా ఎక్కుతుంటే (నా రక్తం కూడా కాదు, పక్కవాడిది), నేల ఎలా ఉందో చూసొద్దామని కిందికి వెళ్ళాను. కళ్ళు తెరిచేసరికి క్లాసంతా నా మీదే ప్రాక్టికల్స్ చేస్తోంది. ఇలాంటి తెలివితక్కువ కాలేజీలో నేనుండనని మానేశాను. అప్పటికి నేను మానేసిన కాలేజీల్లో అది చిన్నది. యూనిఫాం తిరిగిచ్చి రమ్మని అక్కని పంపాను.

"మీ తమ్ముడు రాలేదేం?" అని అడిగిందట సిస్టరమ్మ.

"భయపడ్డాడు మేడమ్."

"నీకు భయం లేదా?"

"నాకా? మీ మెట్లెక్కడానికే ప్రాణం పోయింది. ఆ రెయిలింగ్ ఊగుతోంది మేడమ్, ఎవరైనా ఆనుకుంటే ఇంతే సంగతులు."

సిస్టరమ్మ బయటికెళ్ళి రెయిలింగ్ పట్టుకుని కుదిపింది. అది ఊడి చేతిలోకి వచ్చింది. ఆవిడ దాన్ని అలాగే పట్టుకుని లోపలికొచ్చి, "యూనిఫాం తిరిగివ్వక్కర్లేదు. చొక్కా చేతులు మడుచుకుని రేపట్నుంచి నువ్వే వేసుకురా" అందట. అలా నా కుర్చీలో అక్క కూర్చుంది. నేను లేవకపోతే ఆమెకి ఆ కుర్చీ ఎక్కడిది? ఈ సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోరు కాబట్టి నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

అక్కతో పాటు బండిలో ఉండేది డ్రైవరు. ఆయన గొంతుకి సైరన్ కూడా దారిస్తుంది, అందుకని అందరూ హారనన్న అంటారు. అక్క పనితీరు నాకు ఆయన చెప్పగా తెలిసిందే. ఏ ఇంటికెళ్ళినా అక్క గుమ్మం దగ్గర ఆగిపోతుందట. లోపల్నుంచి "రండి రండి, త్వరగా" అని ఏడుపులు వినిపిస్తున్నా సరే, ఆగి పైకి చూస్తుంది, కిందికి చూస్తుంది, గాలి పీలుస్తుంది. కరెంటు తీగ తెగి ఉందా, గ్యాసు వాసన వస్తోందా, మంచం కింద కుక్క ఉందా అని. ఆ తర్వాతే అడుగు పెడుతుంది. చేతులు వణుకుతూనే ఉంటాయి. వణుకుతూనే సూది నరంలోకి సరిగ్గా దిగుతుంది. అదెలాగో హారనన్నకి ఇప్పటికీ అంతుపట్టలేదు.

"వైద్యుడి పక్కన అంటార్రా గానీ, మేం వెళ్ళిన చోట వైద్యుడు ఏనాడున్నాడు? మా పక్కన ఉండేది భయమొక్కటే" అనేది అక్క.

నేను మాత్రం టీకొట్టు దగ్గర నా సగమే ప్రచారం చేశాను. మా అక్క పారాచూట్ కట్టుకుని దూకుతుందనీ, ఒకసారి గాలికి కొట్టుకుపోయి ఆసుపత్రి మేడ మీదే దిగిందనీ, మెట్లు దిగొచ్చి రోగిని చూసిందనీ చెప్పాను. వీధిలో పిల్లలు పారాచూట్ చూపించమని ఇంటికొచ్చేవారు. "ఒరేయ్, నేను స్టూలెక్కి బల్బు మార్చలేను, పొండర్రా!" అని తలుపేసుకునేది అక్క. నమ్మినవాళ్ళలో అందరికంటే గట్టిగా నమ్మింది అక్క అత్తగారు. నాకూ అత్తయ్యే. అట్టల మిల్లులో చిత్తుకాగితం వేరుచేసే పని ఆవిడది. పక్కన కూర్చున్నవాళ్ళకి కోడలి దూకుళ్ళ గురించి చెబుతూ అట్టపెట్టెలు చింపేది.

మా బావ ఆ మిల్లులోనే మెకానిక్. నన్ను అక్కడ చేర్పించింది కూడా ఆయనే. "కాలేజీలు అయిపోయాయి కదరా, ఇక మిల్లు మానేద్దువుగాని రా" అని పిలిచాడు. మంచివాడు. నోరే మంచిది కాదు.

ఆ మిల్లులో పని సులువుగానే అర్థమవుతుంది. పాత అట్టపెట్టెల్ని నీళ్ళలో నానబెట్టి, రుబ్బి, ఆ గుజ్జుని నేల అడుగునున్న గుంటలోకి వదులుతారు. అక్కడినుంచి పంపు దాన్ని యంత్రానికి ఎక్కిస్తుంది. గుంట లోతు రెండు నిలువులు. పైన ఇనప మూత, లోపలికి ఇనప నిచ్చెన. ఆ మధ్య బాయిలర్ చెడిపోయి మిల్లు ఆగింది. గుజ్జు గుంటలోనే ఉండిపోయి, ఎండలకి పులిసి కుళ్ళింది. మళ్ళీ మిల్లు మొదలుపెట్టే రోజు మధ్యాహ్నం చూస్తే, గుంటలో గుజ్జుని తిప్పే రెక్క బిగుసుకుపోయింది. ఎవరో ఒకరు దిగి కదపాలి. ఇలాంటివాటికి ఎవరో ఒకరంటే బావే.

మూత తీయగానే కుళ్ళిన గుడ్ల కంపు గుప్పుమంది.  మేం ఇద్దరం గట్టున కూర్చుని ఆగాం. మిల్లువాళ్ళ లెక్క ఒకటుంది: మూత తీసి ఉంచు, కంపు పోయేదాకా ఆగు, పోయాక దిగు. పాతవాళ్ళు కొత్తవాళ్ళకి నేర్పే మొదటి పాఠం అదే. ఆ కంపు గాలి ముందుగా చంపేది ముక్కునని ఎవరూ నేర్పలేదు. కాసేపటికి కంపు తెలియకుండా పోతుంది. గాలి ఎక్కడికీ పోదు.

"ఏరా బావమరిదీ, కంపుందా?"

"ఇందాక ఉంది. ఇప్పుడేం లేదు బావా."

"నాకూ లేదు. సరే, ఈ పాన పట్టుకో. పిలిస్తే అందించు, పిలవకపోతే ఊరికే నిలబడు. ఊరికే నిలబడటంలో నిన్ను మించినవాడు లేడుగా."

"వెళ్ళు వెళ్ళు. కింద గుజ్జులో నీ బొమ్మ అచ్చు పడుతుంది, అట్టపెట్టెల మీద వేయిద్దాం."

నవ్వుతూ దిగాడు. గుజ్జు పైన చీకిపోయిన తెట్టు కట్టి ఉంది. నిచ్చెన ఆఖరి మెట్ల మీద ఒక చేయి మెలేసి, ఇంకో చేత్తో వెంట తెచ్చుకున్న గడ్డపార పట్టుకుని రెక్క మీద పొడిచాడు. తెట్టు పగిలింది. అడుగునుంచి బుడగలు బుసబుసమని లేచాయి.

"ఒరే..." అన్నాడు.

అంతే. ఆ మాట పూర్తి కాలేదు. తీగ మీద ఆరేసిన చొక్కా జారినట్టు మనిషి కూలిపోయాడు. నడుం దాకా గుజ్జులో, వీపు గోడకి, మెలేసిన చేయి నిచ్చెన మెట్టులో ఇరుక్కుని తల పైకి ఉండిపోయింది. కళ్ళు మూసుకోలేదు. నా వైపే ఉన్నాయి, కానీ నన్ను చూడటం లేదు.

"బావా! వేషాలెయ్యకు బావా!" అని అరిచాను. వంగి చూశాను. కళ్ళలో కారం కొట్టినట్టు మండింది, గొంతు పట్టేసింది, గట్టు నా కింద పక్కకి ఒరిగింది. ఎలాగో వెనక్కి పడ్డాను.  ఫోన్ తీసి అంబులెన్సుకి కొట్టాను. అవతలివాళ్ళు ఎక్కడ, ఏమైంది, ఎంతమంది అని అడుగుతుంటే, నేను మిల్లు పేరు చెప్పి, గుంట అని చెప్పి, మెకానిక్ అని చెప్పి, ఆ తర్వాత ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

నా కేకలకి మిల్లంతా వచ్చేసింది. అత్తయ్య చేతిలో ఇంకా అట్టముక్క ఉంది. గుంటలోకి తొంగి చూసి ఆవిడ అరవలేదు. "నాయనా, లే" అంది మామూలు గొంతుతో, పొద్దున నిద్రలేపుతున్నట్టు. "లే నాయనా, ఆలస్యమవుతోంది." 

"నువ్వు పట్టు, నేను దిగుతా" అని ఒకడు, "వద్దురా, వాడేమయ్యాడో చూడు" అని ఇంకొకడు. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటారే, మాకు వెనకేమీ లేదు, ముందే గొయ్యి. దూరంగా సైరన్ వినిపించింది. అది వచ్చేలోపు బావ పోతాడనిపించింది నాకు. పాన కింద పడేసి, నిచ్చెన మీద ఒక కాలు పెట్టాను. రెండో కాలు కూడా పెడుతున్నాను. నా చొక్కా కాలరు ఎవరో వెనకనుంచి పట్టుకుని ఎంత బలంగా లాగారంటే, గుండీలన్నీ తెగి నేను వెల్లకిలా పడ్డాను.

అక్క.

ఆ దగ్గర్లో ఆగి ఉన్న బండి ఆమెదే. పిలుపు ఆమెకే వెళ్ళింది. మిల్లు, గుంట, మెకానిక్ అన్న మూడు మాటలు దారిలో విన్న మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను వర్ణించను. కోతలు కోయడంలో నాకు పేరున్నా, అది నా వల్ల కాదు.

"వచ్చింది! మా కోడలొచ్చింది! జరగండర్రా, దారివ్వండి, అది దూకుతుంది!" అంది అత్తయ్య.

అందరూ జరిగారు. గుంట దాకా దారి పడింది. అక్క ఆ దారిలో నడవలేదు. గట్టుకి దూరంగా, తలుపు వైపు నిలబడింది.

"ఎవరూ దిగొద్దు. గట్టు దగ్గరికి కూడా ఎవరూ రావొద్దు." గొంతు చీరుకుపోయింది. "వెనక్కి! అందరూ తలుపు వైపు!"

"నీ మొగుడేనే లోపల!"

"తెలుసు అత్తయ్యా."

"కంపు పోయాకే దిగాడక్కా, ఇద్దరం చూశాం, కంపు లేదు" అన్నాను నేను లేస్తూ.

అక్క నా వైపు తిరిగింది. "కంపు పోయిందా? నీకు ఇప్పుడు కంపు రావట్లేదా?"

"లేదు."

"నాకు తలుపు దగ్గరే వస్తోందిరా. నీ ముక్కు చచ్చిపోయింది. అక్కడికి పో, గాలి పీల్చు, పో!"

హారనన్న అప్పటికే చొక్కా చేతులు మడిచేశాడు. కొండలాంటి మనిషి. "చెల్లెమ్మా, తాడు కట్టు నాకు. ఊపిరి బిగబట్టి ఒక్క గుక్కలో దిగి, భుజానేసుకుని వచ్చేస్తా."

"ఆయన్ని గుజ్జులోంచి లాగేటప్పుడు ఊపిరి ఎలా బిగబడతావన్నా? నువ్వూ పడిపోతే బండి ఎవరు నడుపుతారు? ఆయన్ని ఎవరు తీసుకెళ్తారు? నువ్వెళ్ళి బండి వెనక తలుపు తీసి, ఆక్సిజన్ సిద్ధం చెయ్యి." ఆయన కదల్లేదు. "అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటాను, వెళ్ళు." ఆయన వెళ్ళాడు. వెళ్తూ గోడని గుద్దాడు.

"ఫైరింజనువాళ్ళు వస్తున్నారు, ముసుగులు, గాలి సిలిండర్లు తెస్తున్నారు. దారిలోనే పిలిచాను. వాళ్ళే దిగుతారు" అంది అక్క అందరితో. "అందాకా మనకి పనుంది. అట్టలు ఆరబెట్టే పెద్ద ఫ్యాన్ బయట పెట్టండి, వైరు గుంటకి దూరంగా. టార్పాలిన్ గొట్టంలా చుట్టి ఆ గాలి గుంటలోకి తోలండి. సిగరెట్లు ఎవరూ వెలిగించొద్దు, అంటుకుంటుంది."

మేం పరిగెత్తాం. ఫ్యాన్‌ని ఈడ్చుకొచ్చాం, టార్పాలిన్ చుట్టి అంచులు చేతులతో బిగించి పట్టుకున్నాం. గాలి బుస్సుమని లోపలికి పోతోంది. అది బావ దాకా చేరుతోందో, గోడకి కొట్టుకుని తిరిగొస్తోందో తెలియదు. గాలి కనపడదు కదా. ఆ రోజు గాలిని చూసి భయపడ్డంతగా నేను దేన్ని చూసీ భయపడలేదు. పీల్చాలంటే భయం, పీల్చకపోతే భయం.

అక్క టార్చిలైటు తీసుకుని, గాలి వస్తున్న వైపునుంచి, దూరంగానే నిలబడి బావ ఛాతీ మీదికి వెలుగు వేసింది. ఆ వెలుగు ఆయన చొక్కా మీద గడగడ ఊగుతోంది.  పళ్ళు టకటకమంటున్నాయి. నిలబడటానికి ఒక చేత్తో స్తంభం పట్టుకుంది.

"ఏవండీ!" అని అరిచింది. "నేను పైనున్నాను. నేను కిందికి రావట్లేదు. ఎవరూ రావట్లేదు. మీరు ఊపిరి పీల్చండి. పీల్చండి!"

బావ ఛాతీ కదిలిందో, టార్చి వణికిందో నాకు తెలియలేదు. "కదిలింది" అంది అక్క. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. ఆ సేపు ఎంతని అడిగితే నేను మామూలుగా ఒక యుగమని చెప్పేవాణ్ణి. ఈసారి చెప్పను. ఎంతసేపో నాకు తెలియదు. "మళ్ళీ కదిలింది" అనేదాకా నా గుండె నా దగ్గర లేదని మాత్రం తెలుసు.

అప్పుడు అత్తయ్యకి మాట వచ్చింది.

"ఎందుకే నీకా బట్టలు? ఎందుకే ఆ బండి? ఆకాశంలోంచి దూకుతావని వీడు ఊరంతా చాటాడు కదే! నేనూ నలుగురికీ చెప్పుకున్నాను కదే! రెండు నిలువుల గుంటలోకి దూకలేవా? కట్టుకున్నవాడు కళ్ళ ముందు పోతుంటే లైటు వేసి చూస్తావా? పరాయివాళ్ళకైతే పరిగెడతావు! రాయివే నువ్వు, రాయివి!"

అక్క టార్చి దించలేదు, తల తిప్పలేదు. "అవునత్తయ్యా" అంది. "తిట్టండి. అక్కడే నిలబడి తిట్టండి."

అత్తయ్య అక్కడ నిలబడలేదు. "నువ్వు దిగకపోతే నేను దిగుతా" అని గుంట వైపు నడిచింది. అక్క స్తంభం వదిలేసి ఆవిడ మణికట్టు పట్టుకుంది. ముసలావిడ గింజుకుంది, కొట్టింది, రక్కింది. అక్క ఒక చేత్తో ఆవిణ్ణి, ఇంకో చేత్తో టార్చిని పట్టుకుని, "నాకు భయంగా ఉందత్తయ్యా, నాకు చాలా భయంగా ఉంది, దిగకండి, దిగకండి" అని చిన్నపిల్లలా ఏడుస్తూనే ఉంది. వెలుగు మాత్రం బావ ఛాతీ మీదనుంచి తప్పుకోలేదు.

ఫైరింజను లోపలికి రావడం నేను వినలేదు. ఫ్యాన్ హోరులో ఉన్నట్టుండి ముసుగుల మనుషులు కనిపించారు. ఇద్దరు దిగారు. పైనున్నవాళ్ళు తాడు పట్టుకున్నారు. ఇరుక్కున్న చేయి విడిపించడానికి ముసుగులున్నవాళ్ళకే చెమటలు పట్టాయి. ఊపిరి బిగబట్టి దిగినవాడెవడూ ఆ పని చేయలేడని చూస్తున్న ప్రతివాడికీ అప్పుడు తెలిసింది. హారనన్న తలుపు దగ్గర నిలబడి చూసి, ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

బావని పైకి తెచ్చి, గుంటకి దూరంగా, ఆరుబయట పడుకోబెట్టారు. ముఖం తడిసిన అట్టరంగులో ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఒంటి మీద గుజ్జు. అందాకా అడుగు కదపని అక్క ఇప్పుడు ఎలా చేరిందో తెలియదు, ఆయన తల దగ్గర మోకాళ్ళ మీద ఉంది. నోట్లో గుజ్జు తీసింది, దవడ పైకెత్తింది, ఆక్సిజన్ ముసుగు ముఖానికి అదిమి పట్టి దాని గాలి సంచి నొక్కడం మొదలుపెట్టింది. ఒక్కో నొక్కుకీ ఛాతీ లేస్తోంది. ఆమె నొక్కకపోతే లేవడం లేదు.

"నువ్వు చూడకు" అంది నాతో. "కాళ్ళు పట్టుకో. బండెక్కిద్దాం."

దారంతా ఆమె సంచి నొక్కుతూనే ఉంది. హారనన్న హారను మీదనుంచి చేయి తీయలేదు. ఆ ప్రయాణంలో నేనొక్క జోకు కూడా వేయలేదు. అది చరిత్రలో ఎక్కడైనా రాసి ఉండాలి.

ఆసుపత్రిలో ఆయన్ని అద్దాల తలుపు లోపలికి తీసుకెళ్ళారు. అక్కని బయట ఉండమన్నారు. యూనిఫాంలో ఉన్నా సరే, ఆ రోజుకి ఆమె రోగి భార్య. వరండాలో పొడవాటి బల్ల ఉంది. అత్తయ్య ఈ చివర కూర్చుంది, అక్క ఆ చివర. మధ్యలో నేను.  అత్తయ్య రక్కిన గీతలు అక్క చేతి మీద ఎర్రగా తేలాయి. అక్క స్లీవు కిందికి లాగి వాటిని కప్పేసుకుంది. అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా ముగ్గురం లేచేవాళ్ళం. నర్సు ఇంకెవరి పేరో పిలిచేది. ముగ్గురం కూర్చునేవాళ్ళం.

ఒక డాక్టరు వచ్చి, "గాలి యంత్రం మీద పెట్టాం. మెదడుకి ఎంత దెబ్బ తగిలిందో లేచాక గాని చెప్పలేం" అని వెళ్ళిపోయాడు. "లేచాక అన్నాడు. లేస్తాడనేగా?" అని అత్తయ్య నన్ను అడిగింది. అక్కని అడగలేదు. నిజం తెలిసినది ఆమెకేనని ఆవిడకీ తెలుసు. అందుకే అడగలేదనుకుంటాను. నేను "లేస్తాడత్తయ్యా, లేవకపోతే నేను లేపుతాను" అన్నాను. 

మర్నాడు పొద్దున్న గొంతులో గొట్టం తీశారు. మమ్మల్ని లోపలికి పిలిచారు. బావ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఈసారి చూస్తున్నాయి. అందర్నీ గుర్తుపడతాడో లేదోనని నేను మంచానికి దూరంగానే ఆగాను. ఆయన మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. అత్తయ్య, నేను, అక్క. మళ్ళీ నేను. లెక్కపెడుతున్నట్టు చూశాడు.

"నా వెనకాల ఎవరు దిగారు?" అన్నాడు. గొంతు గరగరలాడింది.

"ఎవరూ దిగలేదండీ" అంది అక్క.

"వీడు?"

"దిగబోయాడు. చొక్కా చింపాను."

"అమ్మ?"

"లేదు."

"నువ్వు?"

అక్క తల అడ్డంగా ఊపింది. బావ కళ్ళు మూసుకున్నాడు. రెండు పక్కలా నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి.

"కింద నాకు చేయి రాలేదు, కాలు రాలేదు. పైన మూత దగ్గర వెలుతురులో వీడి తల కనిపించింది. రావొద్దురా అందామనుకున్నా. ఒరే అనేదాకే వచ్చింది." ఊపిరి అందక ఆగాడు. "వీడొస్తాడు, వీడి వెనక అమ్మొస్తుంది, అందరి వెనకా నువ్వొస్తావు అనుకుంటూ పోయాను. అంత భయం... నా జన్మలో ఎరగను."

అత్తయ్య మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. కొడుకుతోనే అన్నట్టు అంది, "దాన్ని నేను నానా మాటలూ అన్నాన్రా. అందరిలో నిలబెట్టి అన్నాను."

"అనండత్తయ్యా" అంది అక్క. "నా వెనక మీ గొంతు వినిపించినంతసేపూ మీరు పైనే ఉన్నారని తెలిసేది. మీరు మాట ఆపినప్పుడే నాకు ప్రాణం పోయింది."

అత్తయ్య మంచం కమ్మీ వదిలింది. అక్క చేయి తీసుకుంది. స్లీవు పైకి జరిపింది. తను రక్కిన గీతల మీద కొంగు తడిపి అద్దడం మొదలుపెట్టింది. అక్క "అబ్బా, మండుతోంది" అంది గాని, చేయి వెనక్కి తీసుకోలేదు.